వాట్లు అవే, పెట్టె వేరు: గిటారు స్పీకర్ల బిగ్గరతనం వెనుక ధ్వనిశాస్త్రం

విదేశాలలో తెలుగువారు జరుపుకొనే ఉగాది, సంక్రాంతి సభలలో వేదిక మీది వాద్యాలు క్రమంగా మారుతూ వచ్చాయి. హార్మోనియం, తబలా ఉన్న చోటికి కీబోర్డు వచ్చింది. ఆ వెనుకనే మన పిల్లల భుజాల మీదికి విద్యుత్ గిటారు ఎక్కింది. గిటారుతో పాటు నల్లని గుడ్డ తొడిగిన బరువైన స్పీకరు పెట్టెలు కూడా ఇళ్ళలోకి ప్రవేశించాయి. కార్యక్రమం రోజున వాటిని మోసేది సాధారణంగా తండ్రులే కనుక, ఆ పెట్టెలను గూర్చిన ఒక సందేహం తండ్రులకూ పిల్లలకూ ఉమ్మడి ఆస్తి. గిటారు ఒకటే, యాంప్లిఫయరు ఒకటే, వాల్యూము మీట ఒకే అంకె మీద ఉన్నది. అయినా ఒక పెట్టెకు తగిలిస్తే కిటికీ అద్దాలు అదురుతాయి, వేరొక పెట్టెకు తగిలిస్తే గొణుగుతున్నట్లుంటుంది. వాట్లు మారనప్పుడు శబ్దం ఎందుకు మారాలి?

వాటు అన్నది శబ్దానికి కొలమానం కాదు. యాంప్లిఫయరు స్పీకరుకు అందించే విద్యుచ్ఛక్తికి అది కొలమానం. అందిన శక్తిలో ఎంత భాగాన్ని స్పీకరు శబ్దంగా మార్చగలదన్నది పూర్తిగా వేరే లెక్క. దీనికి తయారీదారులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. స్పీకరుకు 1 వాటు శక్తినిచ్చి, సరిగ్గా ఎదురుగా 1 మీటరు దూరాన ఎన్ని డెసిబెల్లు వినిపించినవో కొలుస్తారు. దానిని స్పీకరు సున్నితత్వం అంటారు. గిటారు వాద్యకారులు ఎక్కువగా వాడే బ్రిటిష్ సంస్థ సెలెస్టియన్ వారి 12 అంగుళాల స్పీకర్లనే చూడండి. 'గ్రీన్ బ్యాక్' అని పిలిచే జి12ఎం రకానికి ఇది 98 డెసిబెల్లు. జి12టి-75 రకానికి 97. 'వింటేజ్ 30' రకానికి 100. పైకి చూస్తే మూడూ కాగితపు శంఖువు, వెనుక అయస్కాంతం ఉన్న ఒకే జాతి వస్తువులు. 97కూ 100కూ మధ్య తేడా మూడే కదా అని మనం తేలికగా తీసుకుంటాం. కాని డెసిబెల్ అన్నది కూడికల లెక్క కాదు, హెచ్చవేతల లెక్క. 3 డెసిబెల్లు పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. అనగా 97 డెసిబెల్ల స్పీకరుకు 100 వాట్లిస్తే వచ్చే శబ్దం, 100 డెసిబెల్ల స్పీకరుకు 50 వాట్లిస్తేనే వస్తుంది. 50 వాట్ల యాంప్లిఫయరు చాలదని 100 వాట్లది కొనిపెట్టే తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యాన్ని దుకాణానికి వెళ్ళే ముందు గుర్తు తెచ్చుకుంటే చాలా రియాళ్ళు మిగులుతాయి.

మిగిలిన శక్తి ఏమవుతున్నది? వేడిగా పోతున్నది. ఎదుటి అర్ధగోళంలోకి మాత్రమే ధ్వనిని వెదజల్లే ఆదర్శ స్పీకరు 1 వాటును పూర్తిగా శబ్దంగా మార్చగలిగితే 1 మీటరు దూరంలో సుమారు 112 డెసిబెల్లు వినిపించాలి. ఆ లెక్కన 100 డెసిబెల్ల స్పీకరు మార్చగలిగింది నూటికి ఆరు వంతులు మాత్రమే. 97 డెసిబెల్లదైతే మూడు వంతులు. తక్కినదంతా తీగచుట్టను కాల్చడానికే సరిపోతుంది. 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఛెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇంజనీర్లు తీగచుట్టతో కదిలే నేటి తరహా స్పీకరును ప్రకటించారు. నూరేళ్ళ తరువాత కూడా దీని మౌలిక నిర్మాణం పెద్దగా మారలేదు. చుట్ట వేడెక్కిన కొద్దీ రాగి నిరోధం పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున. 150 డిగ్రీలు వేడెక్కితే నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, ఆ మేరకు విద్యుత్తు తగ్గి, శబ్దం మూడు డెసిబెల్లకు పైగా పడిపోవచ్చు. మొదటి పాటలో గర్జించిన పెట్టె నాలుగో పాటకు నీరసించడంలో వాద్యకారుని అలసట పాత్ర ఎంతో చెప్పలేం కాని, రాగి అలసట పాత్ర మాత్రం తప్పక ఉంటుంది.

ఇక్కడ మన ఊళ్ళ మైకుసెట్టును తలచుకోకుండా ఉండలేం. పెళ్ళిపందిట్లో, టూరింగ్ టాకీసు కప్పు మీద, జాతరలో వేపచెట్టు కొమ్మకు కట్టిన ఆ ఆహూజా రేకు బాకాకు ఇచ్చేది పాతికో ముప్పయ్యో వాట్లు. అయినా పాట పొలాల మీదుగా పక్క ఊరికి చేరేది. కారణం బాకా ఆకారమే. స్పీకరు పొర బరువు, గాలి తేలిక. బరువైనదానితో తేలికైనదానిని నెట్టబోతే శ్రమంతా వృథా, ఖాళీ బండిని ఏనుగు చేత లాగించినట్లు. సన్నగా మొదలై క్రమంగా విచ్చుకొనే బాకా ఈ రెంటి మధ్య వియ్యం కుదుర్చుతుంది. అందువల్ల మంచి బాకా అందిన శక్తిలో పాతిక శాతం వరకూ కూడా శబ్దంగా మార్చగలదు. అయితే దానికి మంద్రస్వరాలు పలకవు. పాట చేరుతుంది, మృదంగం చేరదు. గిటారు కట్టడి తీగ మంద్రంలో సుమారు 82 కంపనాల వద్ద మొదలవుతుంది కనుక రేకు బాకా దానికి పనికిరాదు. పెట్టెలో బిగించిన వెడల్పాటి శంఖువే శరణ్యం.

పెట్టె సంగతికి వద్దాం. స్పీకరు పొర ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిని ఒత్తుతుంది, అదే క్షణంలో వెనుక గాలిని వదులు చేస్తుంది. ముందు పుట్టిన అల, వెనుక పుట్టిన అల ఒకదానికొకటి వ్యతిరేకం. వెనుక చెక్క లేని పెట్టెలో ఈ రెండలలూ పెట్టె అంచు చుట్టూ తిరిగి కలుసుకొని, పొడవైన మంద్రతరంగాల విషయంలో పరస్పరం రద్దు చేసుకుంటాయి. వెనుక పూర్తిగా మూసిన పెట్టెలో ఆ అవకాశం లేదు కనుక మంద్రం నిండుగా, ముందువైపుకే వస్తుంది. ఎదుట కూర్చున్న ప్రేక్షకునికి మూసిన పెట్టె గుండె మీద తట్టినట్లు వినిపించడానికి ఇది ప్రధాన కారణం. తెరిచిన పెట్టెకూ ఒక సుగుణం ఉన్నది. దాని వెనుక నుంచి వెలువడే శబ్దం గోడను తాకి గదంతా పరుచుకుంటుంది. అందువల్ల చిన్న గదిలో అదే బిగ్గరగా తోచవచ్చు. బయటి వేదిక మీద, వెనుక గోడ లేని చోట, ఆ సుగుణం కాస్తా గాలిలో కలిసిపోతుంది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్న సామెత కొన్ని పెట్టెలకు అక్షరాలా వర్తిస్తుంది.

స్పీకర్ల సంఖ్య కూడా లెక్కలోనిదే. ఒక స్పీకరుకు ఇచ్చే వాట్లనే రెండింటికి సమంగా పంచితే శబ్దం మారదనే అనిపిస్తుంది. వాస్తవానికి ఎదురుగా నిలబడితే 3 డెసిబెల్లు పెరుగుతుంది. రెండూ ఒకే లయలో కదులుతూ ఒకదాని గాలిని మరొకటి బిగపట్టడం వల్ల, ముఖ్యంగా మంద్రంలో, రెండింటి సామర్థ్యమూ పెరుగుతుంది. దంపుడులో ఇద్దరు రోకళ్ళు కలిపి వేసినట్లన్నమాట. నాలుగు స్పీకర్లయితే పెరుగుదల 6 డెసిబెల్లు. లండన్‌లో జిమ్ మార్షల్ 1962లో యాంప్లిఫయర్ల తయారీ మొదలుపెట్టినప్పుడు నాలుగు 12 అంగుళాల స్పీకర్లను మూసిన పెట్టెలో అమర్చడానికి ఇష్టపడ్డాడు. 'ది హూ' బృందపు గిటారు వాద్యకారుడు పీట్ టౌన్షెండ్ అది చాలదని ఎనిమిది స్పీకర్ల పెట్టె చేయించుకున్నాడు. మోయలేక సామాను మోసేవారు మొరపెట్టుకుంటే 1965 ప్రాంతంలో దానిని రెండు ముక్కలు చేసి ఒకదానిపై ఒకటి పేర్చారు. వేదికల మీద మనం చూసే నల్లని పెట్టెల గోడకు మూలం ఆ కూలీల నడుంనొప్పి.

నిరోధం సంగతి కూడా క్లుప్తంగా చెప్పుకుందాం. పెట్టె వెనుక 4, 8, 16 ఓములు అని వ్రాసి ఉంటుంది. ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు 8 ఓముల పెట్టెకు ఇచ్చే శక్తిలో సుమారు సగమే 16 ఓముల పెట్టెకు ఇవ్వగలదు, కనుక శబ్దం 3 డెసిబెల్లు తగ్గుతుంది. యాంప్లిఫయరు మీద వ్రాసిన కనీసపు ఓముల కంటె తక్కువ ఉన్న పెట్టెను తగిలిస్తే అది కాలిపోయే ప్రమాదం ఉన్నది. వాల్వుల యాంప్లిఫయరులో ఓములకు తగిన రంధ్రాన్ని ఎంచుకొనే వీలుంటుంది కనుక ఈ తేడా రాదు. అయితే దానిని ఏ పెట్టెకూ తగిలించకుండా వాయిస్తే ట్రాన్స్‌ఫార్మరుకు ముప్పు.

ఇంతవరకు చెప్పినదంతా కొలతకు అందే శబ్దం. చిత్రమేమంటే కొలమానంలో సరిసమానంగా నిలిచిన రెండు పెట్టెలలో కూడా ఒకటి బిగ్గరగా వినిపించవచ్చు. అల్ ముంతజాలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే ఒక కుటుంబంలో ఈ తగవు చాలా రోజులు నడిచింది. అన్నదమ్ములిద్దరికీ చెరొక పెట్టె. "అంకుల్, ఫోనులో రెండూ 90 అనే చూపిస్తున్నాయి, అన్నయ్యది మాత్రం చెవుల్లో గుచ్చుతోంది, ఫోను అబద్ధం చెబుతోందా?" అని చిన్నవాడు అడిగాడు. ఫోను అబద్ధం చెప్పడం లేదు, చెవి కూడా చెప్పడం లేదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు సమాధానం చెబుతున్నాయి.

మన చెవికి అన్ని స్వరాల మీదా సమదృష్టి లేదు. 1933లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో హార్వే ఫ్లెచర్, వైల్డెన్ మన్సన్ అనే శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి రేఖలుగా గీశారు. సెకనుకు 1000 కంపనాల స్వరం 40 డెసిబెల్ల వద్ద ఎంత బిగ్గరగా తోస్తుందో, అంత బిగ్గరగా 100 కంపనాల మంద్రస్వరం వినిపించాలంటే 60 డెసిబెల్లు దాటవలసి ఉంటుంది. చెవి అత్యంత చురుకుగా ఉండేది 2000 నుంచి 5000 కంపనాల మధ్య. చెవి గొట్టం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు కావడం వల్ల 3000 ప్రాంతపు స్వరాలకు అది సన్నాయి గొట్టంలా అనునాదం ఇస్తుంది. గిటారు స్పీకర్లలో చాలా వాటికి సరిగ్గా ఈ ప్రాంతంలోనే ఒక మిట్ట ఉంటుంది. ఆ మిట్ట కొంచెం ఎత్తుగా ఉన్న స్పీకరు మొత్తం శక్తిలో పొరుగు స్పీకరును మించకపోయినా వినేవారికి దానికంటె బిగ్గరగా తోస్తుంది. మైకులు లేని కాలంలో మన రంగస్థల నటుల పద్యం చివరి వరుస దాకా చేరిన రహస్యంలో కొంత భాగం ఇదే. శిక్షణ పొందిన గాయకుల కంఠంలో 3000 కంపనాల చుట్టూ శక్తి గుమికూడుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో వివరించాడు. ఈలపాట రఘురామయ్యగారి ఈల ఏ యంత్రమూ లేకుండా జనసమూహంలో ఖణీమని వినిపించడానికి కూడా చెవి చురుకుదనమే తోడ్పడి ఉండాలి. మనుషుల ఈల సాధారణంగా 1000 కంపనాలకు పైనే కదా పలికేది.

రెండవ కారణం ఇంకా సున్నితమైనది. లోపలి చెవి స్వరాలను చిన్నచిన్న పట్టీలుగా విభజించుకొని వింటుంది. శక్తి అంతా ఒకే పట్టీలో ఇరుకుకుంటే అక్కడి నాడులు త్వరగా సంతృప్తి చెందుతాయి. అదే శక్తి అనేక పట్టీలలో పరుచుకుంటే ప్రతి పట్టీ తన వంతు చేర్చి, మొత్తం బిగ్గరగా తోస్తుంది. 1957లో ఎబర్‌హార్డ్ జ్వికర్, తన సహచరులతో కలిసి దీనిని నిరూపించాడు. గిటారు స్పీకరు పొర పైస్వరాల వద్ద ఒక్క ముక్కగా కదలక ముక్కలు ముక్కలుగా వంగుతుంది. శుద్ధశ్రవణానికి ఉద్దేశించిన హైఫై స్పీకరులో ఇది దోషం, గిటారు స్పీకరులో ఇదే గుణం. ఆ వంపుల నుంచి పుట్టే అదనపు స్వరాలు ఎన్నో పట్టీలను నింపుతాయి. చెవిలో గుచ్చే పెట్టెకూ మెత్తని పెట్టెకూ మధ్య తేడా చాలా వరకు ఇక్కడే ఉన్నది.

ఈ కారణంగానే విద్యుత్ తీగవాద్యంలో స్పీకరును వాద్యానికి వెలుపలి వస్తువుగా భావించడం సరికాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎనిమిది తీగల సంప్రదాయ మాండలిన్‌ను విడిచి అయిదు తీగల విద్యుత్ మాండలిన్‌ను కర్ణాటక సంగీతానికి అనువుగా మలచుకున్న సంగతి పాఠకులకు విదితమే. బోలు లేని చెక్కతో చేసిన అటువంటి వాద్యాన్ని యాంప్లిఫయరు లేకుండా మీటితే పక్కనున్నవారికి తప్ప వినిపించదు. 2014లో ఆయన మరణించే వరకు లోకం విన్న ఆ దీర్ఘగమకాల నాదంలో వ్రేళ్ళ ప్రతిభతో పాటు చివరి మజిలీగా ఒక స్పీకరు ఎప్పుడూ ఉన్నది. వీణకు పనసచెక్క కుండ ఎటువంటిదో విద్యుత్ వాద్యానికి స్పీకరు పెట్టె అటువంటిది.

అన్నదమ్ముల తగవులో మూడో సాక్షి వారి గది. 12 అంగుళాల స్పీకరు పొర అసలు వెడల్పు దాదాపు 26 సెంటీమీటర్లు. 1300 కంపనాల స్వరపు తరంగదైర్ఘ్యం కూడా అంతే. అంతకు మించిన స్వరాలన్నీ టార్చిలైటు వెలుగులా ఎదురుగా ఒక కట్టగా ప్రసరిస్తాయి, పక్కకు పోవు. పెట్టె నేల మీద మోకాలి ఎత్తున ఉంటుంది, వాయించేవాని చెవులు అయిదడుగుల ఎత్తున ఉంటాయి. కట్ట కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయి సోఫాలో కూర్చున్నవారి చెవులకు తగులుతుంది. వాయించేవాడు తనకు వినిపించడం లేదని వాల్యూము పెంచుతాడు, సోఫాలోని తల్లి చెవులు మూసుకుంటుంది. ఇద్దరి ఫిర్యాదూ నిజమే. పెట్టెను కుర్చీ మీదికి ఎక్కించినా, వెనుకకు ఒరిగించి ముఖం పైకి తిప్పినా ఇంటిలో శాంతి నెలకొనే అవకాశం ఉన్నది. ఆ ఇంటిలో పెద్దవాని పెట్టె మంచం పక్కన మూలలో, పలకలు పరచిన నేల మీద ఉండేది. నేల, రెండు గోడలు మూడూ మంద్రాన్ని తిప్పికొట్టి బలపరుస్తాయి. చిన్నవానిది తెరల పక్కన, తివాచీ మీద. పెట్టెల స్థానాలు మార్చి చూడగా తగవులో సగం తీరింది. మిగిలిన సగం స్పీకరుదే.

దోహా ఇళ్ళలో పలకల నేల, ఖాళీ గోడలు శబ్దాన్ని పీల్చుకోవు. 1890లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రతిధ్వనితో ఉపన్యాసం వినబడని ఒక హాలును బాగుచేయబూనిన వాలెస్ సబీన్, గది లోని మెత్తని వస్తువులూ మనుషుల శరీరాలూ ఎంత శబ్దాన్ని మింగుతాయో లెక్కగట్టాడు. ఖాళీ హాలులో సాయంత్రం నాలుగింటికి సరిచూసుకున్న శబ్దం ఏడింటికి పట్టుచీరలతో, పిల్లలతో హాలు నిండగానే చప్పబడడం నిర్వాహకులందరికీ అనుభవమే. ఇక ఆరుబయలు సంగతి వేరు. ముంతజా అన్న అరబ్బీ పదానికి ఉద్యానవనమని అర్థం. ఆ పేటలోని పార్కును నేడు రౌదత్ అల్ ఖైల్ అంటున్నా మనవాళ్ళ నోట ముంతజా పార్కే. అటువంటి పచ్చిక మీద తిప్పికొట్టే గోడలుండవు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్లు పోతుంది. 1 మీటరు వద్ద 100 ఉన్నది 16 మీటర్ల వద్ద 76కు దిగిపోతుంది.

తల్లిదండ్రులు ఈ అంకెలను మరొక కోణంలో చూడవలసి ఉన్నది. పని ప్రదేశాల వినికిడి రక్షణకు అమెరికాలోని నియోష్ సంస్థ సూచించిన హద్దు 85 డెసిబెల్లకు రోజుకు 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్లకూ కాలం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట. అంటే 97 డెసిబెల్ల స్పీకరు తీసి 100 డెసిబెల్లది బిగిస్తే, వాల్యూము మీటను తాకకపోయినా పిల్లవాని సురక్షిత సాధనకాలం సగానికి తగ్గుతుంది. చిన్న యాంప్లిఫయరు గదా అని 15 వాట్లది కొనిపెట్టినా, 100 డెసిబెల్ల స్పీకరుతో పూర్తి స్థాయిలో 1 మీటరు దూరాన అది 112 డెసిబెల్ల దగ్గరకు చేరగలదు. ఆ స్థాయికి నియోష్ లెక్కలో దక్కేది ఒక్క నిమిషం. వాయింపులో విరామాలుంటాయి కనుక సగటు ఇంతకంటె తక్కువే ఉంటుంది, అయినా పడకగదికి అది చాలా ఎక్కువ. సంగీతవేదికల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన ప్రమాణం కూడా 15 నిమిషాల సగటు 100 డెసిబెల్లు మించరాదని చెబుతున్నది. ఎనిమిది స్పీకర్ల పెట్టె కోరిన టౌన్షెండ్ తన వినికిడి దెబ్బతిన్నదని తరువాతి కాలంలో తానే బహిరంగంగా చెప్పాడు. ఆయన ప్రధానంగా నిందించింది మాత్రం స్టూడియోలో చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లను.

ఇంట్లో సాధనకు సున్నితత్వం తక్కువ ఉన్న స్పీకరే మేలని దుకాణదారుడు సాధారణంగా చెప్పడు. బిగ్గరగా మోగేదే అమ్ముడుపోతుంది మరి. స్పీకరు వెనుక అంటించిన చీటీ మీద వాట్ల పక్కన ఈ డెసిబెల్ల అంకె లేకపోతే తయారీదారుని వివరపత్రంలో తప్పక దొరుకుతుంది. రెండు పెట్టెలను పోల్చదలచినవారు రెంటినీ ఒకే చోట, ఒకే ఎత్తున, ఒకే ఓములతో ఉంచి, ఒక్కొక్కదాని ఎదుటా అదే దూరంలో చెవి పెట్టి వినాలి. దుకాణంలో ఒకటి నేల మీద మూలన, మరొకటి అరలో పైన ఉంటుంది. కనుక అక్కడ విన్న తేడాలో పెట్టె వాటా ఎంతో, చోటు వాటా ఎంతో తేలదు.